అంబాసిడర్‌కి కోరా గుడ్డ

దొరబాబుగారి మీద కోడలు సూర్యకళకి పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఆయన జన్మలో ఏ వస్తువునీ పాడుచెయ్యలేదు. ఆయన బాగుచెయ్యడానికి కూర్చున్న సమయం చూసుకుని వస్తువులే పాడైపోతాయి. గోడగడియారం, బావి మోటారు, అత్తగారు రత్నమాణిక్యంగారి కళ్ళజోడు అలాగే పోయాయి. ఆ వరసలో అన్నిటికన్నా పెద్దది ఇప్పుడు వాకిట్లో, వేపచెట్టు నీడన, నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని నిలబడి ఉంది.

డెబ్భై ఆరు మోడల్ అంబాసిడర్. ఆదివారం, ఉదయం ఎనిమిదింపావు. లోపల కొత్తగా బిగించిన కప్పు గుడ్డ, పసిపిల్లని పడుకోబెట్టిన చీర ఉయ్యాలలా మధ్యకి దిగి వేలాడుతోంది.

"అయిపోయిందా అమ్మా?" అని వీధి అరుగు మీంచి అడిగారు దొరబాబుగారు. ఆయన గొంతులో జాలి ఉంది. సూర్యకళకి మండింది అందుకే.

"ఇంకా పన్నెండు కాలేదండి మావయ్యగారూ."

పన్నెండు ఆయన పెట్టిన గడువే. కిందటి ఆదివారం కోరుకొండ నుంచి తిరిగొస్తుంటే పాత గుడ్డ ముందు భాగం ఊడి ఆయన నెత్తిన పడింది. కొబ్బరిచిప్పా ప్రసాదమూ ఒళ్ళో పెట్టుకుని ఆయన ముసుగులో ఉండగానే, వెనక సీట్లోంచి సూర్యకళ, కొత్త కప్పు నేను కుడతానంది. ముసుగులోంచే ఆయన పందెం కట్టారు. వచ్చే ఆదివారం పన్నెండింటికల్లా గుడ్డ పైన నిలబడితే వీధివైపు షెడ్డు తాళం ఆమె చేతికిస్తారు. నిలబడకపోతే ఆమె కుట్టుమిషను అటకెక్కుతుంది, మళ్ళీ ఆ ఊసు ఇంట్లో వినపడకూడదు.

ఆ షెడ్డులో ఇప్పుడు ఉన్నవి ఖాళీ ఎరువుల సంచులూ ఒక పిల్లి కుటుంబమూ మాత్రమే. అక్కడ కుట్టు నేర్పే క్లాసులు పెట్టాలని సూర్యకళ మూడేళ్ళుగా అడుగుతోంది. వెనక వీధి లోవలక్ష్మి దగ్గర మొదలుపెట్టి ఇప్పటికే అయిదుగురు అమ్మాయిలు పేర్లిచ్చారు కూడా. అడిగినప్పుడల్లా మావగారి జవాబు ఒకటే. కార్లో కూర్చుని రెండు పూతరేకులు శుభ్రంగా తినలేని మనిషి షాపేం నడుపుతుంది?

ఆ పూతరేకుల కేసు రామచంద్రపురంలో సగం ఊరికి తెలుసు. మూడేళ్ళ కిందట ఆత్రేయపురం నుంచి వస్తూ సూర్యకళ వెనక సీట్లో రెండు పూతరేకులు తింది. తిన్నది నిజం. పంచదార పొడి రాలింది కూడా నిజమే. వారం తిరక్కుండా కారు కప్పులో చీమలు బారులు తీరాయి. వాటి వెనక బొద్దింకలు దిగాయి. రెండూ కలిసి గుడ్డనీ, గుడ్డని మోసే కుట్లనీ కొరికి పారేశాయి. కప్పు కిందికి జారింది. విచారణ చేసిందీ తీర్పు చెప్పిందీ దొరబాబుగారే.

అప్పట్నించీ ఆ కారులో ఎవరు కూర్చున్నా ఒక చెయ్యి పైకెత్తి గుడ్డని ఆపాల్సిందే. దొరబాబుగారు ముందు సీట్లో చెయ్యెత్తి వెళ్తుంటే దారిన పోయేవాళ్ళు తమకే అనుకుని తిరిగి చేతులెత్తేవారు. పోయిన మునిసిపల్ ఎన్నికలప్పుడు ఆయన ఏ వార్డుకి నిలబడుతున్నారని ముగ్గురు వచ్చి అడిగారు. అది మాత్రం ఆయనకి కొంచెం నచ్చింది.

ముందు సీట్లోంచి సూర్యకళ మొగుడు హరిబాబు పాక్కుంటూ బయటికొచ్చాడు. చెప్పుల షాపు సొల్యూషన్ జుట్టుకి అంటుకుని ఒక పాయ కొమ్ములా నిలబడింది. ఇవాళంతా భార్య పక్షాన ఉండాలని అతను పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం కూడా కప్పుతో పాటే కాస్త జారింది.

"గుడ్డ ముందు తడిపి ఆరేశావు కదా?"

"లేదండీ."

వంటింటి గుమ్మంలో రత్నమాణిక్యంగారి చేతిలో చేట ఆగిపోయింది.

చీరకి ఫాల్ కుట్టాలన్నా జాకెట్టుకి లైనింగు వెయ్యాలన్నా ముందు గుడ్డని బకెట్లో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తెర పెడతారు. నానబెట్టకపోతే మొదటి ఉతుకులోనే గుడ్డ ముడుచుకుపోయి జాకెట్టు చంకల దగ్గర పట్టేస్తుంది. ఆ సంగతి తెలియని పిల్లని ఎవరూ మిషను దరిదాపులకి రానివ్వరు.

"హోమ్‌సైన్సు చదివావు కదమ్మా," అన్నారు అత్తగారు నెమ్మదిగా. "మీ కాలేజీలో నీళ్ళు రాలేదా?"

"వచ్చేవండి అత్తయ్యగారూ. కావాలనే తడపలేదు."

దొరబాబుగారు పేపరు నాలుగు మడతలు పెట్టారు. హరిబాబు తన కొమ్ముని తడుముకున్నాడు. చేట మళ్ళీ కదిలింది గానీ, అందులోని కందిపప్పుకి ఇవాళ మామూలుకన్నా గట్టి దెబ్బలు తగిలాయి.

నిజానికి గుడ్డ దగ్గరే మొదటి గొడవ అయింది. రాజమండ్రి తాడితోటలో సూర్యకళ కొన్నది కోరా గుడ్డ, ఏడు మీటర్లు. అంత తెల్లటి ముతక గుడ్డ ఏ సమయంలో ఇంటికి తెస్తారో తెలుసా అని అత్తగారు ఒక పూట భోజనం మానేశారు. రెండో పూటకి నాలుగు కొసలకీ పసుపు పెట్టి, ఇప్పుడిది కొత్తబట్ట కింద లెక్క అని తేల్చారు. కుట్టడం దగ్గర సూర్యకళకి ఏ ఇబ్బందీ రాలేదు. కప్పుకి అడ్డంగా అయిదు ఇనప కమ్మీలుంటాయి. లంగాకి బొందు దూరడానికి కుట్టినట్టే గుడ్డకి అయిదు చోట్ల మడతలు కుట్టి, వాటిలో కమ్మీలు దూర్చింది. అంచులు సొల్యూషన్‌తో అంటించి, తలుపుల పైనున్న రబ్బరు బీడింగు కిందికి దోపింది.

పాత గుడ్డ పీకినప్పుడు శుక్రవారం ఇంకొకటి కూడా జరిగింది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు.

గుడ్డ వెనక, పైరేకుకి, గోధుమరంగు చెక్కులు చెక్కులుగా ఏదో ఎండి ఉంది. అట్లపెనం గోకినట్టు గోకి వాసన చూసింది. ఉడికించిన మైదా. గోడల మీద పోస్టర్లు అంటించే మైదా జిగురుతో ఎవరో ఎప్పుడో ఈ గుడ్డని రేకుకి అంటించారు. పోస్టర్లవాళ్ళు పురుగు రాకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. ఈ ఎవరో కలపలేదు. బొద్దింకలకి నెలల తరబడి విందు పెట్టారు.

కారు కప్పుకి మైదా ఎవరు పెట్టారని డ్రైవరు గంగరాజుని అడిగింది.

"ఆయ్," అన్నాడు గంగరాజు. "టైర్లలో గాలి తగ్గినట్టుందమ్మగారూ." కారు అక్కడే ఉంది. గాలి కొట్టించడానికి అతనొక్కడే వెళ్ళి గంట తరవాత వచ్చాడు.

సూర్యకళకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. గుడ్డ నేత అచ్చు పడి ఉన్న, అర్ధరూపాయి బిళ్ళంత చెక్కు ఒకటి తెచ్చి పోపులపెట్టెలో ఖాళీగా ఉన్న గిన్నెలో పెట్టింది. చెబితే గొడవవుతుంది. చెప్పకపోతే ఆస్తి అవుతుంది.

"ఏవండీ," అంది మొగుడితో. "సెలూన్‌కి వెళ్ళి నీళ్ళు కొట్టే సీసా ఒకటి అడిగి పట్టుకురండి."

ఆదివారం పొద్దున సెలూన్‌లో సీసా అడగడం చిన్న పని కాదు. బెంచీ మీద ఏడుగురున్నారట. ఎందుకు బాబూ అని సెలూన్ ఓనరు ఆశీర్వాదం అడిగితే హరిబాబుకి అబద్ధం తట్టక కారుకి అన్నాడట. కటింగా షేవింగా అని బెంచీ మొత్తం అడిగిందట. చివరికి అరగంటలో తెచ్చివ్వాలన్న షరతు మీద ఆశీర్వాదం పాత సీసా ఇచ్చాడు. దానితో పాటు, సగం గడ్డానికి నురగతో ఒకాయన కూడా సీసా క్షేమం చూడ్డానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

సూర్యకళ కొంగు దోపుకుని కారులోకి దూరింది. ముందు అద్దం దగ్గర్నుంచి వెనక అద్దం దాకా, జానెడు జాగా వదలకుండా నీళ్ళు కొట్టింది. గుడ్డ తడిసింది. తడిసి బరువెక్కింది. బరువెక్కి, అప్పటిదాకా బెత్తెడు దిగినది కాస్తా జానెడు దిగింది.

"ఇంకేం, పడవకి తెరచాపలా ఉంది," అన్నారు దొరబాబుగారు అరుగు మీంచి. "ధవళేశ్వరం తీసుకెళ్ళి గోదాట్లో వదుల్దాం."

సూర్యకళ కారుని నీడలోంచి ఎండలోకి తొయ్యమని గంగరాజుకి చెప్పింది. అద్దాలన్నీ ఎక్కించి, గాలి ఆడడానికి వేలెడు సందు వదిలింది. తలుపులు మూసింది. ఏప్రిల్ ఎండ అప్పుడే బానెట్ మీద చెయ్యి పెట్టనివ్వడం లేదు. తొమ్మిదిన్నర అయింది.

ఈ ఉపాయాన్ని ఆమె ముందు ఎంబ్రాయిడరీ చట్రంలో చూసుకుంది. చేతిరుమాలంత కోరా ముక్కని వదులుగా బిగించి, తడిపి, ఎండలో పెట్టింది. గంటకల్లా వేలితో కొడితే మోగింది. నానబెట్టకుండా కుడితే జాకెట్టు ఎందుకు పట్టేస్తుందో, కప్పు కూడా అందుకే పట్టెయ్యాలి. కానీ చట్రం జానెడు, కారు కప్పు బారెడుకి పైనే. చేతిరుమాలు ముడుచుకున్నట్టు ఏడు మీటర్లు ముడుచుకుంటుందని ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ముడుచుకున్నప్పుడు అంచులు ఆగుతాయని అసలే చెప్పలేదు.

మిషను అటక మీదికెక్కితే ఇక దిగదు. ఈ ఇంట్లో అటకెక్కినవి దిగడం ఆమె చూడలేదు.

పది గంటలకి దొరబాబుగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. పొద్దున పెసరట్లు నాలుగు తిన్న రోజున ఆయనకి ఈ వేళకి వాము కావాలి. వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చున్న సూర్యకళకి పోపులపెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది.

మూత పెట్టిన చప్పుడు వినిపించలేదు.

చాలాసేపు వినిపించలేదు. ఆమె కారు వైపు చూడ్డం మానేసి వంటింటి వైపు చూసింది. చివరికి మూత పడింది, చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషిని లేపకూడదన్నట్టు. దొరబాబుగారు బయటికొచ్చారు. దవడ కదలడం లేదు. వాము తీసుకోలేదు. ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళి అరుగు మీద కూర్చుని పేపరు విప్పారు. ఆమె వైపు చూడలేదు. ఆ తరవాత ఆయన ఒక్క ఎత్తిపొడుపు కూడా వెయ్యలేదు.

సూర్యకళ కూడా ఏమీ అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పేస్తారు. ఆయన్ని చెప్పకుండా కూర్చోనివ్వడంలోనే ఎక్కువ సుఖం ఉంది.

"సూర్యా," అని కేకేశాడు హరిబాబు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. "ఒకసారి ఇలా రా. నా కళ్ళేనా?"

ఆమె పరిగెత్తింది. కప్పు మధ్యలో ఉయ్యాల లేదు. జానెడు దిగిందల్లా రెండు వేళ్ళంతే ఉంది. చూస్తుండగా ముందు కమ్మీకీ రెండో కమ్మీకీ మధ్య ఒక ముడత సన్నగిల్లి, గీతయి, కనపడకుండా పోయింది. గేటు దగ్గర సగం గడ్డం ఆయన సీసా మాట మర్చిపోయి లోపలికొచ్చేశాడు. పక్కింటి మాణిక్యాంబగారు గోడ మీంచి, ఏమైందమ్మా అని అడిగారు. ముడుచుకుంటోందండీ అని హరిబాబు గట్టిగా చెప్పాడు, తానే ముడుస్తున్నట్టు.

పదకొండూ పదికి వెనక అద్దం దగ్గర టప్‌మని చిన్న చప్పుడైంది.

బిగుసుకుంటున్న గుడ్డ అంచుని లాగుతోంది. వెనక ఎడమ మూల సొల్యూషన్ వదిలింది. బీడింగు కిందనుంచి గుడ్డ ఒక్కొక్క పోగే జారుతోంది. ఆ మూల వదిలితే పక్కది వదులుతుంది. అది వదిలితే మొత్తం వస్తుంది.

సూర్యకళ తలుపు తీసి దూరింది. లోపల బెల్లప్పాకం పొయ్యి దగ్గరున్నట్టుంది. మూలని చెక్కస్కేలుతో అదిమిపట్టి, సొల్యూషన్ అని అరిచింది. హరిబాబు అటు తలుపులోంచి దూరి డబ్బా అందించి కుడి మూల పట్టుకున్నాడు. ఆమె ఒక చేత్తో పూస్తే ఇంకో చేత్తో నొక్కాలి. నడిమి భాగానికి మూడో మనిషి చేతులు కావాలి. గంగరాజుని పిలుద్దామంటే అతను మళ్ళీ గాలి కొట్టించడానికి వెళ్ళాడు.

"జరుగు," అన్న మాట వినిపించింది.

రత్నమాణిక్యంగారు. చేతిలో అట్లకాడ. ఆవిడ రెండు మోకాళ్ళూ సీటు మీద పెట్టి, వెనక అద్దం పైన నడిమి అంచుని అట్లకాడ వెడల్పుతో బీడింగులోకి అదిమిపట్టారు. ముగ్గురూ అలాగే ఉండిపోయారు. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.

"ఎండకి బిగుసుకుంటుందని పొద్దున్నే ఒక్కమాట చెప్పొచ్చుగా," అన్నారు అత్తగారు పళ్ళ బిగువున.

"చెబితే మావయ్యగారు సాయం చేస్తారండి."

ఆవిడ నవ్వలేదు. అట్లకాడ మాత్రం కాసేపు వణికింది.

రైసుమిల్లు పన్నెండింటి కూత వేసేసరికి ముగ్గురూ చేతులు తీసేసి పావుగంటయింది. అంచు కదల్లేదు. కప్పు ఈ చివర్నుంచి ఆ చివరికి, సున్నం కొట్టిన గోడలా చదునుగా ఉంది. ముందు సీటు పైన ఒక మూల, అత్తగారు పెట్టిన పసుపు నీళ్ళకి కరిగి అరచేతంత మరక తేలింది. అంతే, ఇంకో వంక లేదు.

దొరబాబుగారు వచ్చారు. వంగి లోపలికి తల పెట్టి, వేలి కణుపుతో ఒకసారి కొట్టారు. కప్పు మోగింది. ఇంకోసారి కొట్టారు. మళ్ళీ మోగింది. సూర్యకళ ఆయన లాల్చీ జేబు వైపే చూస్తోంది. షెడ్డు తాళంచెవి పొద్దుట్నుంచీ అందులోనే గలగలమంటోంది.

"నిలబడున్న కారులో ఏ కప్పైనా నిలుస్తుంది," అన్నారాయన. "గాలికి నిలవాలి కదా. కాలవ లాకుల దాకా వెళ్ళొద్దాం."

గడువు మీద గడువు పెట్టడం అన్యాయమని హరిబాబు గొంతు పెంచబోయాడు. సూర్యకళ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. పదండి మావయ్యగారూ అంది. ఆమెకి భయం లేదు. ఇంకా చెప్పాలంటే, ఆ కారులో వెళ్ళాలని కాళ్ళు నిలవడం లేదు.

గంగరాజు ఎక్కణ్ణించో వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన దొరబాబుగారు. వెనక హరిబాబు, సూర్యకళ, రత్నమాణిక్యంగారు. కాలవ గట్టెక్కాక అద్దాలన్నీ దించెయ్యమన్నారు దొరబాబుగారు. గాలి ఈ కిటికీలోంచి దూసుకొచ్చి ఆ కిటికీలోంచి పోయింది. ఆడవాళ్ళ కొంగులెగిరాయి. కప్పు కదల్లేదు.

మొదటి మలుపులో ఒక విచిత్రం జరిగింది. కారు ఊగగానే నలుగురి చేతులూ వాటంతటవే పైకి లేచాయి. మూడేళ్ళ అలవాటు. లేచిన చేతులకి పట్టుకోవడానికేమీ దొరకలేదు. హరిబాబు ముందు నవ్వాడు, తరవాత సూర్యకళ, తరవాత చెయ్యి దించుకుంటూ అత్తగారు. ముందు సీట్లో దొరబాబుగారి చెయ్యి మాత్రం దిగలేదు. వేళ్ళు పసుపు మరక మీద ఆనుకుని ఉండిపోయాయి.

ఎదురుగా సైకిలు మీద వస్తున్న పెద్దమనిషి హుషారుగా చెయ్యెత్తాడు. దొరబాబుగారు చూసుకోలేదు.

"బాగానే కుదిరింది," అన్నారు రత్నమాణిక్యంగారు, మెచ్చుకోలు తన అదుపు దాటకుండా. "ఇకనుంచి ఈ కారులో ఎవరూ ఏమీ తినడానికి వీల్లేదు. ముఖ్యంగా సూర్యకళ. మళ్ళీ చీమలు పట్టాయంటే ఆ షెడ్డు లేదు, గిడ్డు లేదు. ఏవండీ, మీరే చెప్పండి."

సూర్యకళకి మాట పెదవి దాకా వచ్చింది. మైదా అన్న రెండక్షరాలు చాలు. గంగరాజు భుజాలు బిగుసుకోవడం వెనకనుంచి కనిపించింది. ఆమె కిటికీ వైపు తిరిగి, కాలవలో బాతుల్ని చూస్తూ కూర్చుంది.

"చెప్పరేంటండీ?"

లాకుల వంతెన దగ్గర పడుతోంది. దొరబాబుగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, కోర్టులో ప్రమాణం చేసేవాడి చెయ్యిలా. తాళంచెవి ఇంకా జేబులోనే ఉంది.

"గంగరాజూ, కాస్త ఆపు," అన్నారు.

కారు ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు. ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ, అందరికీ వినపడేలా అన్నారు.

"ఆ అమ్మాయి తిన్న పూతరేకులకి చీమలు రాలేదు రత్నం. అంతకుముందు నెలే నేను మైదా ఉడికించి ఈ కప్పుకి పూశాను. వీడు బకెట్టు పట్టుకున్నాడు. మైలుతుత్తం కలపాలని నాకు తెలీదు. తప్పు నాది. మూడేళ్ళ నుంచీ నాదే."